ఒక్క చీటీ చాలు

పనిలో ఉండగా ఎవరైనా పిలిస్తే వినోదకు ఒళ్లు మండిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. లెక్క చేసుకుంటుంటే తల్లి అన్నానికి పిలిచినా, "వస్తున్నా" అని ఒక మాట విసిరేసి తల ఎత్తేది కాదు. అలాంటి మనిషికి పిలుపులతోనే ముడిపడిన ఉద్యోగం దొరికింది. హనుమకొండ శివారులో ఒక పరిశోధనశాల ఉంది. వెన్ను విరిగి కాళ్లు చచ్చుబడినవాళ్ల కోసం అక్కడ ఒక చిప్ తయారు చేస్తున్నారు. దాని పేరు వంతెన. విరిగినచోటికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క అమర్చితే మెదడు మాటను కాళ్లకూ, కాళ్ల మాటను మెదడుకూ చేరవేస్తుంది. ఏ పిలుపు ఎప్పుడు అందాలో, ఏది ఆగాలో నిర్ణయించి ప్రోగ్రాం రాసేది వినోద.

ల్యాబ్ లోపలికి ఫోన్లు తీసుకుపోకూడదు. తలుపు బయట బల్ల మీద ల్యాబ్ ఫోన్ ఒకటి ఉంటుంది, దాని దగ్గర అటెండరు యాకూబ్ కూర్చుంటాడు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది ఆయనకు. ఎవరు ఫోన్ చేసినా పేరు చీటీ మీద రాసి, లోపలున్నవాళ్ల పేరు మీది కొక్కేనికి గుచ్చుతాడు. సాయంత్రానికి వినోద కొక్కెం నిండిపోయేది. ఒకే మనిషివి ఐదేసి చీటీలు. ఒకరోజు ఆమె విసుక్కుంది.

"ఒక మనిషికి ఒక్క చీటీ చాలు యాకూబ్ భాయ్. చీటీ ఉందంటే పిలిచారని తెలుస్తుంది కదా. ఎన్నిసార్లు పిలిచారో నాకెందుకు?"

"అట్లనే మేడమ్," అన్నాడు యాకూబ్. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి ఆయన. ఆ రోజు నుంచి చీటీ ఉంటే రెండోది రాయలేదు.

వంతెన పెట్టించుకున్న మొదటి మనిషి ఐలేశం, వినోద అన్న. జనగామ దగ్గర రేగులగూడెంలో తాళ్లెక్కి కల్లు తీసే గీత కార్మికుడు. వాళ్ల నాన్నదీ అదే పని. ముసురు పట్టిన ఒక పొద్దున, తడిసిన తాటిచెట్టు మీద నుంచి ఐలేశం జారిపడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుము కింద స్పర్శ పోయింది. చెల్లెల్ని ఇంజనీరింగు దాకా మోసుకొచ్చిన మనిషిని, ఆయన భార్య సమ్మక్క చంటిపిల్లవాణ్ని మోసినట్టు మంచం మీద నుంచి కుర్చీలోకి మోసింది. మూడేళ్లు మోసింది.

మొదటి వంతెన పని చేసింది గాని, అది వట్టి నస మనిషిలాంటిది. బొటనవేలా, ఏమైనా ఉందా? లేదు. మోకాలా, నీ దగ్గర? లేదు. సెకనుకు వెయ్యిసార్లు ప్రతి భాగాన్నీ వరసగా అడిగి, ఆ జవాబులన్నీ మెదడు మీద కుమ్మరించేది. ఐలేశం కాళ్లు కదిలాయి, కానీ ఆయన ఇంకే పనీ చెయ్యలేకపోయాడు. టీ గ్లాసు నోటిదాకా తెచ్చుకుని, తాగడం మరిచిపోయి అలాగే కూర్చునేవాడు.

"చెల్లె, నా బుర్రల ఎవడో హాజరు పిలుస్తున్నడే. జర ఆపు వాణ్ని," అన్నాడు మూడో రోజు.

వినోద నవ్వింది. నవ్వుతూనే పద్ధతి మార్చింది. ఆమె కనిపెట్టింది కూడా కాదది, కంప్యూటర్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. ప్రాసెసర్ మాటిమాటికీ కీబోర్డు దగ్గరికి వెళ్లి అడగదు. తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. మీట నొక్కినప్పుడు కీబోర్డే పిలుస్తుంది. అప్పుడు ప్రాసెసర్ తన పని ఎక్కడ ఆపిందో గుర్తు పెట్టుకుని, పిలిచినవాళ్ల సంగతి చూసి, తిరిగి వచ్చి అక్కడి నుంచే అందుకుంటుంది. ఆ పిలుపునే ఇంటరప్ట్ అంటారు. పనుంటేనే పిలవాలని ఐలేశం కాళ్లకు నేర్పింది వినోద. వారం తిరిగేసరికి ఆయన టీ తాగుతూ వరండాలో నడిచాడు. సమ్మక్క గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నడక వచ్చిన మనిషి ఊరుకుంటాడా? చెట్టెక్కుతానన్నాడు. వద్దంటే వినలేదు. డైరెక్టర్ శేషఫణి మాత్రం ఎగిరి గంతేశాడు. నడిపించే యంత్రాలు ఇంకెక్కడైనా ఉండొచ్చు గాని, తాడిచెట్టు ఎక్కించేది ఇంకెక్కడుంటుంది? ల్యాబ్ ఆవరణలో ఇరవై అడుగుల స్తంభం పాతారు. ఐలేశం నడుముకూ స్తంభానికీ కలిపి మోకు బిగించుకున్నాడు. ఆ లావు తాడే గీతవాళ్లకు ప్రాణం. రెండు పాదాలనూ కలిపి పట్టే బంధం వేసుకుని ఎక్కాడు. పన్నెండో అడుగు దగ్గర మోకాలి మీద చీమ కుట్టింది. మోకాలు పిలిచింది. మెదడు ఎక్కుతున్న పని ఆపి, ఆ పిలుపు చూసి, తిరిగి వచ్చింది. రెప్పపాటే. ఆ రెప్పపాటులో పట్టు వదిలి రెండడుగులు జారాడు. మోకు ఆపింది.

అందరూ స్తంభం దగ్గరికి పరుగెత్తారు. వినోదకు మాత్రం నాన్న గుర్తొచ్చాడు.

చెట్టు మీదున్న మనిషిని కింద నుంచి పిలవకూడదని వాళ్ల ఇంట్లో కట్టడి. పిలిస్తే తల తిప్పుతాడు, తల తిప్పితే పట్టు తప్పుతుంది. ఇల్లు అంటుకున్నా సరే, దిగేదాకా ఆగి చెప్పాలి. నానమ్మ పోయిన రోజు, తొమ్మిదేళ్ల వినోద ఆ కబురు మోసుకుని తాటివనానికి పరుగెత్తింది. నాన్న చెట్టు మీద ఉన్నాడు. ఆయన కల్లు వంచుకుని, గెలలు చెక్కి, కుండ మళ్లీ కట్టి దిగేదాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కింద నిలబడింది. దిగాక చెప్పింది. నాన్న కూలబడి ఏడ్చి, తర్వాత ఆమె తల మీద చెయ్యి వేశాడు. "మంచిపని జేసినవ్ బిడ్డ," అన్నాడు.

ఆ కట్టడినే చిప్‌లో రాసింది వినోద. మోకు బిగుసుకున్న క్షణం నుంచి పాదం నేలను తాకేదాకా ఏ పిలుపూ మెదడుకు పోదు. వచ్చిన పిలుపులు కింద కాచుకుని ఉంటాయి. పాదం నేల మీద పడగానే ఒక్కొక్కటిగా అందుతాయి.

ఆగిన పిలుపుల్ని దాచడానికి చోటు కావాలి. ప్రతి భాగానికీ చిప్‌లో ఒక చిన్న దీపం పెట్టిందనుకోండి. పాదం పిలిస్తే పాదం దీపం వెలుగుతుంది. మళ్లీ పిలిస్తే? వెలుగుతున్న దీపం వెలుగుతూనే ఉంటుంది. ఒకసారి పిలిచినా, వెయ్యిసార్లు పిలిచినా దిగాక ఐలేశానికి తెలిసేది ఒక్క చిన్న చిమచిమ. ఎన్నిసార్లు పిలిచిందో లెక్క కూడా దాచవచ్చు. దాస్తే చిప్ కొంచెం పెద్దదవుతుంది, బ్యాటరీ గంట ముందు అయిపోతుంది. అనుమతి ఇచ్చే తనిఖీ బృందం రావడానికి రెండు నెలలే ఉంది. ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూ వినోద ల్యాబ్ బయటికి వచ్చింది. కొక్కేనికి నాలుగంటే నాలుగే చీటీలు శుభ్రంగా వేలాడుతున్నాయి. ఎంత హాయిగా ఉందో అనుకుంది. లోపలికి వెళ్లి, దీపం చాలని రాసింది.

ఐలేశం ఇంటికి వెళ్లి పొద్దునా సాయంత్రమూ తాళ్లెక్కడం మొదలుపెట్టాడు. ఊరు ఊరంతా చూడడానికి వచ్చింది. వెళ్లేటప్పుడు వినోద వదినకు ఒక మాట గట్టిగా చెప్పింది. "నన్ను అడగకుండ ఏ డాక్టరునూ ఆ కాళ్లు ముట్టనియ్యకు వదినా. ఏ సూదో, కరెంటో పెట్టిన్రంటే వంతెన పాడైతది. ముందుగాల ల్యాబ్‌కు ఫోన్ చెయ్."

తాటిమట్ట అంచు రంపంలా ఉంటుంది. ఒకనాడు దాని చీలిక ఒకటి ఐలేశం కుడి పాదంలో, మడమకూ వేళ్లకూ నడుమ ఉండే గుంటలో దిగి లోపలే విరిగింది. నేల మీద నడిచేటప్పుడు ఆ గుంట నేలకు తగలదు. చెట్టు ఎక్కేటప్పుడు మాత్రం మనిషి బరువంతా అక్కడే ఉంటుంది. అందుకని చెట్టు మీద అడుగడుగునా ఆ పాదం పిలిచింది. ఒక్క పిలుపూ పైకి పోలేదు. దిగినప్పుడల్లా ఒక్క చిమచిమ. చీమ కుట్టిందేమోనని ఐలేశం పాదాన్ని నేలకేసి రుద్దుకుని ఇంకో చెట్టుకు పోయాడు. వారం రోజులు అలాగే ఎక్కాడు. ఎనిమిదో రోజుకు పాదం ఉబ్బి అడుగు వెయ్యలేకపోయాడు. సమ్మక్క ల్యాబ్‌కు ఫోన్ చేసింది.

ఆ వారమే తనిఖీ. వినోద పొద్దున లోపలికి పోతే సాయంత్రం వచ్చేది. కొక్కేనికి చీటీ ఉంది. 'మీ వదిన.' గీతవాళ్ల దేవుడు కాటమయ్య పండుగకు పిలవడానికి చేసి ఉంటుందనుకుంది. రేపు చేద్దామనుకుంది. మర్నాడూ అదే చీటీ ఉంది. ఆ మర్నాడూ ఉంది. నాలుగు రోజుల్లో సమ్మక్క పంతొమ్మిదిసార్లు చేసింది. కొక్కేనికి ఒక్క చీటీయే వేలాడింది.

ఐదో రోజు ఒళ్లు కాలిపోతున్న ఐలేశాన్ని ఆటోలో వేసుకుని, ఎవర్నీ అడగకుండా సమ్మక్క ఆసుపత్రికి పట్టుకుపోయింది. అప్పటికే విషం పైకి పాకింది. మోకాలి కింద కాలు తీసేశారు.

ఏం జరిగిందో నివేదిక రాయాల్సింది వినోదే. రాసింది. 'చిప్ సూచన ఇచ్చింది. రోగి ఆ సూచన అందుకున్నాడు, పట్టించుకోలేదు.' అందులో ఒక్క అబద్ధమూ లేదు. సంతకం పెట్టబోయి, ఆ మాటలు మళ్లీ చదివింది. అయినా పెట్టింది. వంతెనకు అనుమతి వచ్చింది. పన్నెండు మంది గీత కార్మికులకు పెట్టడానికి పేర్లు రాసుకున్నారు.

తర్వాత ఆరు నెలలు ఆమె అన్న ఇంటికి పోయినప్పుడల్లా ఒకటే పాట. "తాగిన మైకంల సోయి లేకుండ తిరిగిండు. మిషిను చెప్తున్నా ఇనలే. చెల్లె ఎంత కష్టపడి కాళ్లిస్తే అంత పాడుజేసుకున్నడు," అని సమ్మక్క తిట్టిపోసేది. ఐలేశం తల వంచుకుని వినేవాడు. కల్లు ముట్టడం మానేశాడు. వినోద కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయేది. చెప్పాలని వెళ్లేది, చెప్పకుండా బస్సెక్కేది.

చిప్‌ను మాత్రం ఎవరికీ చెప్పకుండా సరిచేసింది. దీపం తీసేసి, ప్రతి పిలుపునూ లెక్కపెట్టి, లెక్కను బట్టి నొప్పి పెంచేలా రాసింది. రెండంటే రెండు రోజుల పని. బ్యాటరీ అరగంట తగ్గిందంతే. గంట పోతుందని అప్పుడు లెక్క వేసింది తానే. మెదడుకు పోకపోయినా, పరీక్షల కోసం కింది ముక్కలో ఒక మూల ఒక్కో భాగం పిలుపుల మొత్తం దాచిపెట్టే అలవాటు ల్యాబ్‌లో ఉంది. పరీక్షకని చెప్పి అన్న వెన్నుకు మిషను ఆనించి, కుడి పాదం అంకెను చదివింది. ఆరు వేల నూట నలభై మూడు.

ఇక ఎవరికీ తెలిసే అవకాశమే లేదు. చిప్ బాగుపడింది, పన్నెండు మందికీ ఢోకా లేదు, నోరు విప్పితే అంతా ఆగిపోతుంది, అన్న మొహం చూడడం కూడా ఉండదు. ఈ మాటలు రోజుకు పదిసార్లు తనకు తాను చెప్పుకుంది.

ఆ పన్నెండు మందినీ, వాళ్ల ఇంటివాళ్లనూ ఒక ఉదయం ల్యాబ్‌కు పిలిచారు. హాలంతా చక్రాల కుర్చీలు. జాగ్రత్తలు చెప్పడానికి శేషఫణి ఎవర్ని పిలిపించాడనుకున్నారు? ఐలేశాన్నే. ఆయన చంకకర్ర మీద నిలబడి, మైకు వద్దన్నాడు. పక్కన సమ్మక్క కూర్చుంది.

"నాకు మాట్లాడరాదు. ఒక్కటే ముచ్చట చెప్త," అన్నాడు. "నా తీరుగ జేయకుండ్రి. మిషినుది తప్పు లేదు. నా చెల్లె పెట్టింది, అది చెప్పింది. చిమచిమ అన్నది. నేనే లెక్కజెయ్యలే. కాలు మొత్తుకుంటుంటే ఇనకుండ చెట్లెక్కిన. నాసొంటి గాడిదకు కాలుండుడే..."

"ఆగన్నా."

హాలంతా వెనక్కి తిరిగింది. మధ్యలో పిలిస్తే పడని మనిషి, వెనక వరసలో లేచి నిలబడి తానే అడ్డం వచ్చింది.

"అది చెప్పలేదన్నా. నీకు చెప్పకుండ నేనే ఆపిన. నీ కాలు ఆరు వేల నూట నలభై మూడు సార్లు పిలిచింది. చెట్టు మీదున్నవని ఆపిన, ఆపుడు మంచిదే. కాని దిగినంక అన్నిటినీ ఒక్కటి జేసి చెప్పిన. ఎన్నిసార్లు పిలిచిందో దాచిపెట్టే చోటు నేనే పెట్టలే. బ్యాటరీ మిగుల్తదని పెట్టలే. నీ తప్పని రాసిన కాగితం కూడ నాదే."

శేషఫణి లేచి ఏదో అనబోయాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

"నాన్నకు నేను ఒక్క ముచ్చట మోసుకపోతే, నోరు మూసుకుని నిలబడి, దిగినంక మొత్తం చెప్పిన," అంది వినోద. "నీ కాలును మాత్రం దిగినంక కూడ మొత్తం చెప్పనియ్యలే."

సమ్మక్క మెల్లగా లేచింది. "నాలుగు దినాలు ఫోను ముంగట కూసున్న గదనే వినోదా. డాక్టర్ దగ్గరికి పోదాం పా అని ఈయన అంటే, చెల్లె ముట్టద్దన్నదని ఆపింది నేనే. తాగుబోతువని ఆర్నెల్లు తిట్టిన నేను ఈ మనిషిని." అని, ఆమె భర్త వైపు తిరిగి ఆయన చొక్కా అంచు పట్టుకుంది. వినోదను కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు.

ఐలేశం కింద లేని కాలి వైపు చూసుకున్నాడు. "అన్ని తాపలు పిల్సిందా," అన్నాడు. చెల్లెల్ని అడిగినట్టు లేదు. తర్వాత చంకకర్ర సర్దుకుని, భార్య భుజం పట్టుకుని బయటికి నడిచాడు. వినోద పక్క నుంచే వెళ్లాడు గాని ఆమె వైపు చూడలేదు.

విచారణ జరిగింది. వినోదను ముఖ్య ఇంజనీరు పని నుంచి తప్పించారు. ఉద్యోగం ఉంది, పాత చిప్‌లను పరీక్షించే బల్ల దగ్గర. పన్నెండు మందికీ వంతెన పెట్టడం ఇంకో ఆరు నెలలు వాయిదా పడింది. వాళ్లలో ఒకాయన భార్య గేటు దగ్గర వినోదను నిలదీసింది. "నీ పుణ్యం నువ్వు కట్టుకున్నవ్. మా ఆయన ఇంకో ఆర్నెల్లు మంచంల ఉండాల్నా?" అంది. నిజం చెప్పాక మనసు తేలికవుతుందని ఎవరన్నారో గాని, ఆమెకైతే కాలేదు.

యాకూబ్ దగ్గరికి వెళ్లి మాత్రం, "ఎన్నిసార్లు ఫోన్ వస్తే అన్ని చీటీలు రాయండి భాయ్. టైం కూడా వెయ్యండి," అని చెప్పింది. యాకూబ్ ఆమె మొహం చూసి, ఎందుకని అడగలేదు. ఆయనా ఆ నాలుగు రోజులూ సమ్మక్క గొంతు విన్నవాడే. రాయొద్దన్నారని రాయలేదు, అంతే. "ఆ బీబీ ఏడుస్తుండె మేడమ్," అన్నాడు నేల చూస్తూ. "ఒక్క మాట నేను లోపలికొచ్చి చెప్పుంటే అయిపోయేది." తప్పు తనదేనని వినోద ఎంత చెప్పినా ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

రెండు నెలలు ఊరి నుంచి ఏ కబురూ లేదు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు కాదు. ఒక మధ్యాహ్నం భోజనానికి బయటికి వస్తే కొక్కేనికి ఐదు చీటీలున్నాయి. పది గంటలకు, మీ అన్న. పదీ ఇరవైకి, మీ అన్న. పదకొండుకు, పదకొండున్నరకు, పన్నెండుకు. అన్నీ మీ అన్న. వినోద చీటీలన్నీ కొక్కెం నుంచి ఊడదీసింది. యాకూబ్ తన కుర్చీ ఆమె వైపు జరిపి, బల్ల మీది ఫోన్ అందించాడు.

"పనిల ఉన్నవా?" అన్నాడు ఐలేశం.

"ఉన్న. చెప్పన్నా."

"పనిల ఉంటే మళ్ల జేస్త."

"వద్దు. ఇప్పుడే చెప్పు."

"లేని కాలు పిలుస్తున్నదే చెల్లె. గా పాదం నడిమిట్లనే, ముల్లు గుచ్చినట్టే. ఆడ చూస్తే ఏముంది, వట్టి దుప్పటి. తెగిన నరం గట్లనే మొత్తుకుంటదట, ఎన్నేండ్లుంటదో చెప్పరాదట డాక్టరుకు."

"అన్నా..." అంది వినోద. క్షమించమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడిగే మొహం ఎక్కడిది? మింగేసింది.

"అప్పుడు ఒక్కటీ ఇనలే నేను. ఇప్పుడన్న ఇంటున్న. పొద్దుగాల్ల లేసినకాడి నుంచి లెక్కవెడ్తున్న," అన్నాడు ఐలేశం. "నలభై ఏడు. రాసుకో."

యాకూబ్ చీటీల కట్టలో నుంచి ఒకటి చింపి ఇచ్చాడు. వినోద నలభై ఏడు అని రాసింది.

"రాసినవా?"

"రాసిన."

ఫోన్ పెట్టేస్తాడనుకుంది. పెట్టలేదు. అవతల అన్న పళ్లు బిగబట్టుకున్న చప్పుడు, చిన్న మూలుగు వినిపించాయి.

"నలభై ఎనిమిది," అన్నాడు ఐలేశం.

వినోద కొట్టేసి, మళ్లీ రాసింది.